గంట మోగని నాలుగో లైను: గుంటూరులో ఒక శీతల గిడ్డంగి కార్యాలయపు బయటి లైన్ల కేసు

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఉన్న ఒక శీతల గిడ్డంగి కార్యాలయం నుంచి మార్చి నెలాఖరులో నాకు వచ్చిన ఫిర్యాదు ఒక్క వాక్యంలో ఉంది: బయటి లైన్లు సరిగా పనిచేయడం లేదు. కార్యాలయాల్లో బయటి లైన్లను లోపలి ఫోన్లకు కలిపే ఈపీఏబీఎక్స్‌లు బిగించి, బాగుచేసే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్న నేను ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఈసారి మాత్రం ఆ ఒక్క మాట కింద ఒకదానికొకటి భిన్నమైన మూడు లోపాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన లోపం ఉన్నట్టు ఆ కార్యాలయంలో ఎవరికీ తెలియదు. రెండుసార్లు వచ్చి చూసి కూడా నేను దాన్ని పట్టుకోలేకపోయాను. ఈ పనిలో ఉన్న మిగతావారికి ఉపయోగపడుతుందని జరిగినదంతా వరుసగా రాస్తున్నాను.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరుకు మిర్చి ముమ్మరంగా వచ్చే కాలం. ధర నచ్చని రైతులూ, సరుకు కొని పెట్టుకునే వ్యాపారులూ టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, గిడ్డంగిలో దాచుకుంటారు కాబట్టి, చోటు ఉందా, అద్దె ఎంత, లారీ ఎన్నింటికి దింపుకుంటారు అని అడిగే ఫోన్లు పొద్దున ఆరు గంటల నుంచే మొదలవుతాయి. మార్చి మూడో వారంలో ఒక సాయంత్రం ఉరుములు మెరుపులతో అకాల వర్షం కురిసింది. కల్లాల్లో ఆరబోసిన కాయలను పరదాలు కప్పి కాపాడుకున్న రైతులు మర్నాడు ఉదయం నుంచే గిడ్డంగుల కోసం వెతకడం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ రోజు నుంచే ఈ కార్యాలయం ఫోన్లు తేడా చేశాయి.

అమరిక ఇలా ఉంది. కింది అంతస్తులో మెట్ల కింద బయటి వైర్లు వచ్చి చేరే చోటు, పై అంతస్తులో ఆపరేటరు గదికి ఆనుకుని ఈపీఏబీఎక్స్ ఉన్నాయి. అందులో బయటి లైన్లు వచ్చి కలిసే ట్రంకు కార్డులు, నాలుగేసి పోర్టులవి, రెండు ఉన్నాయి, అంటే మొత్తం ఎనిమిది బయటి లైన్లకు చోటు ఉంది. వాడుకలో ఉన్నవి ఆరు. ఒకటి నుంచి నాలుగు వరకు రాగి తీగల మీద వచ్చే పాత లైన్లు, అవి హంటింగులో ఉన్నాయి. అందరికీ ఇచ్చే ప్రధాన నంబరుకు, అంటే పైలట్ నంబరుకు ఫోను చేస్తే, ఒకటో లైను ఖాళీగా లేకపోతే ఎక్స్చేంజీయే ఆ పిలుపును రెండో లైనుకు, అదీ ఖాళీగా లేకపోతే మూడో లైనుకు, ఆ తరువాత నాలుగో లైనుకు పంపుతుంది. అయిదు, ఆరు లైన్లు ఏడాది కిందట ఫైబరు మీదికి మారాయి. గోడకు బిగించిన ఫైబరు పెట్టెలోని ఫోను సాకెట్ల నుంచి వచ్చే ఆ రెండూ హంటింగులో లేవు, వాటికి విడి నంబర్లున్నాయి.

మొదటిసారి పిలిచినప్పుడు నేను మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లాను. పైలట్ నంబరుకు నా మొబైల్ నుంచి ఫోను చేశాను, గంట మోగింది, ఆపరేటరు ఎత్తింది, మాట స్పష్టంగా ఉంది. ఆరు లైన్ల మీదా బయటికి ఫోను చేసి చూశాను, అన్నీ కలిశాయి. బాగానే ఉందని చెప్పి వచ్చాను. నాలుగు రోజుల తరువాత మళ్లీ పిలిస్తే, మళ్లీ మధ్యాహ్నమే వెళ్లి, అదే పరీక్ష చేసి, ఒకటో ట్రంకు కార్డును తీసి, ధూళి తుడిచి, తిరిగి పెట్టి వచ్చాను. ఈ రెండు రాకపోకల మధ్య లైన్లిచ్చిన సంస్థ నుంచి లైన్‌మన్ కూడా వచ్చి, తన టెస్ట్ ఫోనుతో స్తంభం నుంచి వచ్చే డ్రాప్ వైరు దగ్గరే చూసి, టోను బాగానే వస్తోందని రాసి వెళ్లాడు. అతను చెప్పింది నిజం, నేను చెప్పిందీ నిజం. అయినా ఉదయంపూట రైతుల ఫోన్లు ఈ కార్యాలయానికి చేరలేదు. నేను చేసిన పరీక్ష మంచి సమయంలో, మంచి లైను మీద, మంచి దారిలో జరిగిందని ఆ రెండు సార్లూ నాకు తోచలేదు.

మూడోసారి పిలుపు మేనేజరు గారి నుంచి వచ్చింది. అప్పటికే ఆయన కొత్త ఈపీఏబీఎక్స్‌కు కొటేషన్ తెప్పించుకుని ఉన్నారు. “లైన్‌మన్ వచ్చి లైను బాగుందంటాడు, మీరొచ్చి మిషను బాగుందంటారు. మరి బాగలేనిది ఏదండీ? సీజను అయిపోయాక చెప్తారా?” అని ఆయన అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. మర్నాడు తెల్లవారుజామున వస్తానని, మూడు గంటలు సమయం ఇవ్వమని, అప్పటిదాకా కొటేషన్ మీద సంతకం చేయవద్దని మాత్రం కోరాను.

ఆ సాయంత్రమే ఆపరేటరుతో ఫోనులో మాట్లాడాను. నేను మొదటి రోజే చేయవలసిన పని అది. “అన్నయ్యగారూ, నేను రోజూ రాసి పెడుతున్నానండీ, ఎవరూ అడగలేదని చూపించలేదు” అని ఆమె చెప్పిన మాట నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. బిల్లుల పుస్తకం వెనక పేజీల్లో ఏ రోజు, ఏ సమయంలో, ఏ లైను మీద ఏమైందో ఆమె గళ్లు గీసి రాసింది. మూడో లైను ఉదయం తొమ్మిదికి ముందు ఎంగేజ్‌గా ఉంటుంది, తొమ్మిది తరువాత వాడవచ్చు గాని మాటలో జుమ్మనే శబ్దం ఉంటుంది, పదకొండు దాటితే ఫర్వాలేదు. అయిదు, ఆరు లైన్ల దీపాలు పొద్దున వచ్చేసరికి ఎవరూ మాట్లాడకుండానే ఎర్రగా వెలుగుతూ ఉంటాయి, ఈపీఏబీఎక్స్ స్విచ్చి ఆపి వేస్తే ఆరిపోతాయి. నాలుగో లైను వరసలో ఏమీ రాసి లేదు. అడిగితే, “నాలుగు బంగారం అండీ, ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, బయటికి చేయాలంటే దాన్నే వాడుకుంటాం” అంది. వారం రోజుల్లో నాలుగో లైను మీదికి బయటి నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయని అడిగాను. కొంచెంసేపు ఆలోచించి, ఒక్కటీ గుర్తు లేదంది. నిజానికి సగం కేసు అక్కడే తేలిపోయింది.

ఉదయం 6:30కు మెట్ల కింద

స్తంభం మీద లైన్లను పంచే డీపీ పెట్టె నుంచి డ్రాప్ వైర్లు గోడమీది ప్రొటెక్షన్ బాక్సుకు వస్తాయి. పిడుగుల వల్ల లైను మీదికి వచ్చే అధిక వోల్టేజీని భూమిలోకి మళ్లించే మూడు కాళ్ల గ్యాస్ అరెస్టర్లు, జతకు, అంటే ఒక లైనులోని రెండు తీగలకు, ఒకటి చొప్పున, అందులో ఉంటాయి. అక్కడి నుంచి జతలు వైర్లను నొక్కి కలిపే క్రోన్ మాడ్యూల్‌కు, మాడ్యూల్ నుంచి పది జతల కేబులు ద్వారా పై అంతస్తుకు వెళతాయి. ఈ మాడ్యూల్ మధ్యలో విడదీయడానికి వీలున్న రకం. చిన్న ప్లాస్టిక్ బిళ్లను ఒక జత మీద దూర్చితే బయటి సగం, లోపలి సగం వేరవుతాయి. లోపం ఏ వైపు ఉందో చెప్పడానికి ఇంతకంటే సులువైన చోటు ఆ భవనంలో లేదు. ఈపీఏబీఎక్స్ దగ్గర కూర్చుని కొలిస్తే రెండు వైపుల లోపాలూ కలిసే కనిపిస్తాయి. స్తంభం దగ్గర కొలిస్తే లోపలిది అసలు కనిపించదు.

నాలుగు రాగి లైన్లనూ బిళ్లలతో విడదీసి, బయటి సగం మీద మల్టీమీటరు పెట్టాను. వాడని లైను మీద ఎక్స్చేంజీ బ్యాటరీ నుంచి సుమారు 48 వోల్టుల డీసీ ఉండాలి. ఫోను ఎత్తితే ఆ వోల్టేజీ సాధారణంగా 6 నుంచి 12 వోల్టుల మధ్యకు పడిపోయి, లైనులో 20 మిల్లీ ఆంపియర్లకు పైగా కరెంటు నడవాలి. ఒకటో లైను 49 వోల్టులు, ఎత్తినప్పుడు 8.4 వోల్టులు, 26 మిల్లీ ఆంపియర్లు. రెండోది, నాలుగోది దాదాపు అంతే. మూడో లైను మాత్రం 38 నుంచి 44 మధ్య ఊగుతూ ఉంది, టెస్ట్ ఫోను పెడితే డయల్ టోను వెనక జుమ్మనే శబ్దం, చిటపటలు వినిపించాయి. లోపలి సగం విడిపోయే ఉంది కాబట్టి ఈపీఏబీఎక్స్‌కు దీనితో సంబంధం లేదు.

సాధారణంగా ఇక్కడే చాలామంది పని ఆపేసి, ఇది బయటి లోపమని సంస్థకు ఫిర్యాదు చేస్తారు. నేనూ ఫోను చేతిలోకి తీసుకున్నాను. కాని లైన్‌మన్ డ్రాప్ వైరు దగ్గర చూసి బాగుందన్న సంగతి గుర్తుకు వచ్చింది. అతను డ్రాప్ వైరును ప్రొటెక్షన్ బాక్సు మరల నుంచి ఊడదీసి చూసి ఉంటాడు. నేను మాడ్యూల్ దగ్గర చూస్తున్నాను. మా ఇద్దరి మధ్య ఎవరూ చూడనిది ఆ పెట్టె ఒక్కటే. మూత తీస్తే లోపల సన్నని ఎర్రటి ధూళి పేరుకుని ఉంది. లారీల నుంచి టిక్కీలు దించేటప్పుడు లేచే మిర్చి ధూళి అది, మూత తీయగానే కళ్లు మండి దగ్గు వచ్చింది. మూడో జత అరెస్టరును పెకలించి తీశాను. మీటరులో వోల్టేజీ వెంటనే 48.7కు లేచి నిలబడింది. టెస్ట్ ఫోనులో శబ్దం పోయింది.

తీసిన అరెస్టరు మధ్య కాలికీ ఒక పక్క కాలికీ మధ్య నిరోధం కొలిస్తే 14 కిలో ఓంలు ఉంది. మంచి అరెస్టరు అయితే మామూలు మల్టీమీటరులో ఏ రీడింగూ చూపదు, దాని వోల్టేజీ పరిమితి దాటేదాకా అది మూసిన తలుపులాగా ఉంటుంది. వర్షం రోజు మెరుపుకు ఇది లైను నుంచి భారాన్ని మళ్లించి లోపలి కార్డును కొంతవరకు కాపాడింది గాని, తాను పూర్తిగా కోలుకోలేదు. లైనులోని రెండు తీగల్లో ఒకదాని నుంచి కరెంటు కొంచెం కొంచెంగా భూమిలోకి జారుతోంది. రెండు తీగలూ భూమితో సమానమైన తూకంలో ఉన్నంతకాలం చుట్టుపక్కల విద్యుత్ తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ ప్రభావం రెండింటి మీదా ఒకేలా పడి, మాటలో వినిపించకుండా పోతుంది. ఆ తూకం చెడితే జుమ్మనే శబ్దంగా వినిపిస్తుంది. తెల్లవారుజామున గాలిలోని తేమను ఆ ధూళి పీల్చుకున్నప్పుడు ఈ జారుడు పెరిగి, ఎక్స్చేంజీ దాన్ని ఎవరో ఫోను ఎత్తి పక్కన పెట్టినట్టుగా లెక్కించి లైనును ఎంగేజ్‌గా చూపేది. ఎండెక్కి తేమ ఆరితే లైను తిరిగి వాడుకలోకి వచ్చేది. నేను రెండుసార్లూ మధ్యాహ్నం మూడింటికి వెళ్లాను. గుంటూరు ఎండలో ఆ సమయానికి ఆ పెట్టెలో తేమ మిగలదు.

నాలుగో లైను

కొలతల్లో నాలుగో లైను నిర్దోషి. బయటి సగం మీద 49 వోల్టులు, చక్కని టోను, తగినంత కరెంటు. బిళ్ల తీసి లోపలి సగాన్ని కలిపి, ఈపీఏబీఎక్స్ నుంచి ఆ లైను మీద బయటికి చేస్తే అదీ కలిసింది. అప్పుడు, అంతకుముందు రెండుసార్లు చేయని పని చేశాను. పైలట్ నంబరుకు కాకుండా, నాలుగో లైను సొంత నంబరుకు నా మొబైల్ నుంచి గుంటూరు కోడు 0863తో కలిపి ఫోను చేశాను. నా చెవిలో రింగు వినిపిస్తోంది. పైన ఆపరేటరు దగ్గర గంట మోగలేదు, దీపం వెలగలేదు. మీటరును ఏసీకి మార్చి మాడ్యూల్ మీద పెడితే, గంట వచ్చే లయలోనే అంకె ఎగిరి 72 వోల్టుల దాకా వెళ్లి పడుతోంది. మన దేశంలో గంట కోసం ఎక్స్చేంజీ పంపేది సుమారు 75 వోల్టులు, 25 హెర్ట్జ్ ఏసీ. కాబట్టి గంట భవనం దాకా వచ్చింది. ఈపీఏబీఎక్స్ దాన్ని గుర్తించలేదు.

ఫోను చేసినవారికి వినిపించే రింగు ఇక్కడ మోగే గంట శబ్దం కాదు. అది ఎక్స్చేంజీ విడిగా వారి చెవికి పంపే టోను. ఇక్కడ గంట మోగినా, మోగకపోయినా, ఇక్కడికి వచ్చే తీగ తెగిపోయినా కూడా ఆ టోను అలాగే వినిపిస్తుంది. హంటింగు చేసే ఎక్స్చేంజీ ఒక లైను ఖాళీగా ఉందా లేదా అన్నది ముఖ్యంగా ఆ లైనులో కరెంటు నడుస్తోందా లేదా అన్న గుర్తుతో తేలుస్తుంది. కరెంటు లేకపోతే ఖాళీ. గంట వినలేని పోర్టుకు కలిసిన లైను ఆ లెక్కన ఎప్పుడూ ఖాళీయే, కాబట్టి పిలుపులు దానికి నిరాటంకంగా వెళుతూనే ఉంటాయి. పాడై మూగబోయిన లైను కంటే పూర్తిగా ఎంగేజ్ అయిన లైను వ్యాపారానికి మేలు, ఎందుకంటే ఎంగేజ్ టోను విన్న రైతు రెండు నిమిషాలు ఆగి మళ్లీ చేస్తాడు. రింగు వెళ్లి ఎవరూ ఎత్తకపోతే మాత్రం, గిడ్డంగి నిండిపోయి ఎత్తడం లేదనుకుని పక్క గిడ్డంగికి చేస్తాడు.

మూడో లైను లోపం దీన్ని ఇంకా పెంచింది. ఉదయం మూడో లైను ఎంగేజ్‌గా ఉన్నందువల్ల, ఒకటో రెండో లైన్లలో మాట్లాడుతుండగా వచ్చిన పిలుపు తిన్నగా నాలుగో లైనుకు పోయేది. అన్నిటికంటే ఎక్కువ ఫోన్లు వచ్చే సమయంలోనే వచ్చిన మూడో మనిషి ఎప్పుడూ ఆ మూగ లైనులో చిక్కుకునేవాడు. ఆపరేటరుకు మాత్రం దీపం వెలగని, ఖాళీగా ఉన్న మంచి లైనుగా అది కనిపించేది. ఆమె పుస్తకంలో నాలుగో లైను వరస తెల్లగా ఉండటానికి కారణం అదే.

లోపం పోర్టుదేనని ఖాయం చేసుకోవడానికి జంపర్లు, అంటే లైనును పోర్టుకు కలిపే చిన్న తీగలు, మార్చాను. నాలుగో లైనును ఖాళీగా ఉన్న ఏడో పోర్టుకు కలిపి, ఏడో పోర్టును ఆపరేటరు దగ్గర గంట మోగేలా ప్రోగ్రాములో చేర్చి ఫోను చేస్తే గంట మోగింది. మంచిదైన ఒకటో లైనును నాలుగో పోర్టుకు కలిపి చేస్తే మోగలేదు. లైను మారినా లోపం పోర్టునే అంటిపెట్టుకుని ఉంది. ఇక అనుమానం లేదు. ఒకే మార్పు చేసి అక్కడితో ఆగడం నాకు ఇష్టం లేదు. మంచి లైనును చెడ్డ పోర్టు మీద, చెడ్డదనుకున్న లైనును మంచి పోర్టు మీద, రెండు పరీక్షలూ చేస్తేనే రెండు లోపాలు ఒకేచోట ఉండే అవకాశం కొట్టివేయవచ్చు.

కార్డును దుకాణానికి తెచ్చి చూశాను. గంటను గుర్తించే భాగంలో ఒక కెపాసిటరు డీసీని ఆపి, గంట ఏసీని మాత్రమే లోపలికి పోనిస్తుంది. ఆ ఏసీ ఒక రెసిస్టరు గుండా, వెలుతురుతో సంకేతం దాటించే ఆప్టోకప్లరును వెలిగిస్తే, ప్రాసెసరుకు గంట వచ్చిందని తెలుస్తుంది. నాలుగో పోర్టు రెసిస్టరు రంగు మారి, తెగిపోయి ఉంది. ఫోను ఎత్తే రిలే, మాట దాటే ట్రాన్స్‌ఫార్మరు వేరే దారిలో ఉండి చెక్కుచెదరలేదు కాబట్టే బయటికి చేసే ఫోన్లు చక్కగా కలిశాయి. నాలుగు రూపాయలు కూడా చేయని ఒక రెసిస్టరు, దానితోపాటు ముందుజాగ్రత్తగా కెపాసిటరు, ఆప్టోకప్లరు మార్చాను. అప్పటిదాకా ఆ లైను ఏడో పోర్టు మీదే నడిచింది.

అయిదు, ఆరు లైన్లు

వీటి లోపానికి వర్షంతో సంబంధం లేదు, ఫైబరు మీదికి మారినప్పటి నుంచే ఉంది. రాత్రిపూట అయిదో లైనుకు వచ్చిన ఫోనును ఈపీఏబీఎక్స్ ఆరో లైను మీదుగా యజమాని మొబైల్‌కు కలిపేలా ఏర్పాటు ఉంది. మాట్లాడుకున్న ఇద్దరూ ఫోను పెట్టేసిన తరువాత, ఆ సంగతి ఈపీఏబీఎక్స్‌కు ఎవరో చెప్పాలి. రాగి లైన్లుగా ఉన్న రోజుల్లో అవతలివారు పెట్టేస్తే ఎక్స్చేంజీ లైను ధ్రువాలను తిరగేసేది, ఈపీఏబీఎక్స్‌ను ఆ గుర్తు మీదే ఆధారపడేలా ఎవరో అమర్చారు. ఫైబరు పెట్టె ధ్రువాలను మార్చడం లేదు, ఒక టోనును మాత్రమే పంపుతోంది. మధ్యలో మనిషి లేని రెండు లైన్లు ఒకదానికొకటి ఆ టోను వినిపించుకుంటూ తెల్లవార్లూ పట్టుకుని ఉండేవి. పొద్దున స్విచ్చి ఆపి వేస్తే విడిపోతున్నాయి కాబట్టి కార్యాలయంలో అందరికీ ఈపీఏబీఎక్స్ మీదే నిందపడింది. ఇలా రోజూ స్విచ్చి ఆపడంవల్ల ఆ సమయంలో మిగతా లైన్ల మీద జరుగుతున్న మాటలూ తెగిపోయేవి.

టోను ద్వారా గుర్తించే ఏర్పాటు ఆ యంత్రంలో ఉంది. దాన్ని మొదట మన దేశపు ఎంగేజ్ టోనుకు, అంటే 400 హెర్ట్జ్, 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగేదానికి అమర్చి చూశాను. ఫలితం లేకపోయింది. అప్పుడు అవతలి ఫోను పెట్టేసిన తరువాత వచ్చే టోనును మొబైల్‌లో రికార్డు చేసి, కంప్యూటరు తెరమీద అలలుగా చూసి లెక్కపెట్టాను. రెండు సెకన్లలో నాలుగుసార్లు మోగింది, అంటే 0.25 సెకను మోగి 0.25 సెకను ఆగుతోంది. అది రద్దీని సూచించే టోను. యంత్రం ఒక లయ కోసం వింటుంటే, పెట్టె వేరే లయలో చెబుతోంది. రెండో లయను కూడా చేర్చిన వెంటనే, పెట్టేసిన నాలుగైదు సెకన్లలోపు రెండు లైన్లూ విడిపోయాయి. ఎప్పుడైనా టోను దొరకకపోయినా చిక్కుకుపోకుండా, లైను నుంచి లైనుకు కలిపే మాటకు ఇరవై నిమిషాల గడువు పెట్టాను. యజమాని అంతకంటే ఎక్కువసేపు మాట్లాడవలసి వస్తే మళ్లీ చేసుకోవడానికి ఒప్పుకున్నారు.

ఈ లైన్ల విషయంలో ఇంకొక తేడా చెప్పాలి. రాగి లైనుకు కరెంటు ఎక్స్చేంజీ బ్యాటరీ నుంచే వస్తుంది, ఊళ్లో కరెంటు పోయినా ఫోను ఉంటుంది. ఫైబరు పెట్టెకు ఇక్కడి ప్లగ్గు కరెంటే ఆధారం. ఆ పెట్టెను మామూలు ప్లగ్గులో పెట్టి ఉంచారు. యూపీఎస్ మీదికి మార్పించాను.

భూమి తీగ

అరెస్టరు పాడైనా, పోర్టు దెబ్బతిన్నా, రెండింటికీ మూలం ఒకటే అనిపించి ఎర్తింగు చూశాను. ప్రొటెక్షన్ బాక్సు నుంచి వచ్చిన ఆకుపచ్చ తీగను మెట్ల ఇనుప గ్రిల్లుకు, రంగు గీకకుండా, రంగు మీదే బోల్టుతో బిగించారు. అది భూమికి సరిగా చేరడం లేదు. సరైన దారి దొరకని భారం మిగిలిన దారిలో, అంటే పోర్టులోకి పోయింది. పెరటిలో విద్యుత్ వైరింగు కోసం తవ్విన ఎర్తు గుంటను ఎర్తు టెస్టరుతో కొలిస్తే 31 ఓంలు వచ్చింది. వేసవిలో ఎవరూ నీళ్లు పోయకపోవడంతో మట్టి పలుగు దిగనంతగా గట్టిపడింది. గుంటను తిరగదోడించి, కొత్త పైపు వేయించి, బొగ్గు, ఉప్పు నింపించి, నీళ్లు పోయించాక 3.8 ఓంలకు దిగింది. ఇలాంటి పరికరాలకు 5 ఓంలలోపు ఉంటే నాకు నెమ్మది. ప్రొటెక్షన్ బాక్సు, ఈపీఏబీఎక్స్, ఫైబరు పెట్టె యూపీఎస్, అన్నిటి భూమి తీగలనూ ఒకే పట్టీకి చేర్చి ఆ గుంటకు కలిపాను. టెలిఫోనుకు వేరే గుంట కావాలని మేనేజరు గారికి ఎవరో చెప్పారట. రెండు గుంటలను విడివిడిగా ఉంచితే పిడుగు పడినప్పుడు వాటి మధ్యే వేల వోల్టుల తేడా వచ్చి, ఆ తేడా పరికరం గుండానే తీరుతుందని వివరించాక ఆయన సరేనన్నారు.

నాలుగు రాగి జతల అరెస్టర్లనూ మార్చాను, పెట్టెకు రబ్బరు అంచున్న మూత వేయించాను, దాన్ని టిక్కీలు దించే వైపు నుంచి మెట్ల లోపలి గోడకు మార్చాను. మొత్తం ఖర్చు, గుంట తవ్విన కూలితో కలిపి, కొత్త యంత్రం కొటేషన్‌లో పదో వంతు కూడా కాలేదు. మొదటి రెండు రాకపోకలకు నేను డబ్బు తీసుకోలేదు. ఆ పది రోజుల్లో నాలుగో లైనులో మోగి మోగి ఆగిపోయిన ఫోన్లు ఎన్నో, అవి ఎవరివో తెలుసుకునే మార్గం లేదు. మొదటి రోజే ఆరు నంబర్లకూ విడివిడిగా ఫోను చేసి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే విషయం అది.

అందుకే పని అప్పగించేటప్పుడు ఆపరేటరుకు ఒక చిన్న పట్టిక గీసి ఇచ్చాను. ప్రతి సోమవారం ఉదయం ఏడు గంటలకు మొబైల్ నుంచి పైలట్ నంబరుకు కాకుండా ఆరు లైన్ల సొంత నంబర్లకూ ఒక్కొక్కటిగా చేసి, ఇక్కడ గంట మోగిందా, ఎత్తితే మాట స్పష్టంగా ఉందా, పెట్టేశాక దీపం ఆరిందా అన్న మూడు గళ్లలో టిక్కు పెట్టాలి. “ఇంతేనా అన్నయ్యగారూ, మూడు నిమిషాల పని” అంది. మూడో సోమవారం ఆమె నుంచి ఫోను వచ్చింది. రెండో లైనుకు చేస్తే చెవిలో రింగు వెళుతోంది గాని ఇక్కడ మోగడం లేదని చెప్పింది. వెళ్లి మాడ్యూల్ దగ్గర కొలిస్తే బయటి సగంలో వోల్టేజీ లేదు. ముందు రాత్రి ఎత్తుగా లోడు వేసుకున్న లారీ ఒకటి గేటు దగ్గర డ్రాప్ వైరును తెంపుకుపోయింది. ఎనిమిదింటికి ఆమె సంస్థకు ఫిర్యాదు రాయించింది, హంటింగు నుంచి ఆ నంబరును తాత్కాలికంగా తీసేయమని కూడా తానే అడిగింది. మధ్యాహ్నానికి కొత్త వైరు లాగారు.